వడ్రంగి ఏప్రన్ (రాయలసీమ)
వడ్రంగులు ఒంటికి, బట్టలకు రక్షణగా ముందువైపు కట్టుకునే మందపాటి గుడ్డ. కర్నూలు, కడపల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి తోలుకన్నా గాలాడే నూలు కాన్వాసే మేలు. బరువు మెడను లాగకుండా పట్టీలు వీపు మీదుగా ఒకదాన్నొకటి దాటి నడుముకు చేరాలి. నేల మీద కూర్చుని, చెక్కను కాళ్లతో అదిమిపట్టి ఉలి ఆడించేవారికి కింది అంచు నడిమధ్య చీలిక తప్పనిసరి. లేకపోతే గుడ్డ మోకాళ్ల మధ్య బిగిసి చెక్క పొట్టు అంతా ఒళ్లో పోగవుతుంది. పెన్సిలు, టేపు జేబులు రొమ్ము దగ్గర, మూతలతో ఉండాలి. రైల్వేకోడూరు దగ్గరి శెట్టిగుంటలో ఎర్రచందనం బొమ్మలు చెక్కుతారు. ఆ చెక్క పొడి ఎర్రన, కనుక ముదురు రంగు గుడ్డ నయం. యంత్రం దగ్గర పట్టీల కొసలు వేలాడకూడదు. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో క్యాన్సర్ కారకంగా గుర్తించింది. అందుకే ఏప్రన్‌ను ఇంట్లోకి తేకుండా, ముక్కుకు దుమ్మును ఆపే మాస్కు పెట్టుకుని బయటే దులపాలి.