మతం వద్దు, నోటీసు కావాలి

"ఆ పిల్ల మతం మార్చుకుంటదా, నువ్వా?" మాదన్నపేట ఇంట్లో అమ్మ వేసిన మొదటి ప్రశ్న ఇదే. అమ్మాయిది మనీలా, క్యాథలిక్. ఎవరం మారట్లేదన్నాను.

ఈ మాట అనగలగడానికి చాలా కాలం పట్టింది. బ్రిటిష్ ఇండియాలో 1872 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళాడాలంటే నేను హిందువును కానని, ఆమె క్రైస్తవురాలు కాదని రాసివ్వాలి. 1923 సవరణ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకే వెసులుబాటిచ్చింది. ఆ షరతు అందరికీ పోయింది 1954లో. నోటీసు గడువు మాత్రం 14 రోజుల నుంచి 30కి పెరిగింది! అభ్యంతరాలేమైనా ఉంటే ఆలోగా చెప్పాలి.

ఆ సర్టిఫికెట్ వస్తేనే భార్యగా వీసా. పెళ్ళయి రెండేళ్ళు నిలిస్తేనే ఓసీఐ కార్డు.

అంతా విని అమ్మ అంది: "మతం అడగని సర్కారు కాపురం సంగతి అడుగుతదా? అడగనీ. నేనూ అదే అడుగుత."