తడిగుడ్డ

మొన్న డిగ్రీ క్లాసులో జాతీయాలు చెప్తున్నాను. ‘తడిగుడ్డతో గొంతు కోయడం’ వచ్చింది. నమ్మించి మోసం చేయడం అని అర్థం చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. నా బుర్ర మాత్రం భోపాల్‌కి పోయింది. ఎందుకు పోయిందో ఈ భాగంలో చెప్తాను.

1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610వ నంబర్ ట్యాంకులోకి నీళ్లు చేరాయి. అందులో ఉన్నది మిథైల్ ఐసోసయనేట్. కాసిని నీళ్లు కలిసినా కుతకుతలాడే సరుకు. దాదాపు 40 టన్నులు ఆవిరై ఊరి మీద పడింది. దాన్ని చల్లగా ఉంచే యంత్రాన్ని ఆ ఏడాది మధ్యలోనే ఆపేశారు. గ్యాసును కాల్చేసే టవర్‌కి వెళ్లే పైపు ఊడదీసి ఉంది. కడిగే స్క్రబ్బర్ ఆ వేగానికి ఆగలేదు. ఇక మిగిలింది నీళ్లు.

నీళ్లేం చేస్తాయి అంటారా? సన్నటి తుంపరలుగా జోరుగా చిమ్మితే తెరలా నిలబడతాయి. ఒక్కో తుంపర చుట్టుపక్కల గాలిని తనతో లాక్కొస్తుంది, గ్యాసు పలచబడుతుంది. అమోనియాలా నీళ్లలో కరిగేదైతే తుంపరలోకే దిగిపోతుంది. అంటుకునే గ్యాసైతే మంట వేడిని తుంపరలు తాగేసి పేలుడు జోరు తగ్గిస్తాయి. ట్యాంకు లోపల కాసిని నీళ్లు ప్రాణం తీస్తే, బయట అవే నీళ్లు దండిగా ఉంటే విషాన్ని విరిచేస్తాయి. ఎన్ని నీళ్లు, ఎక్కడ, ఎంత ఎత్తున అన్నదే లెక్క.

ఆ రాత్రి కార్మికులు నీళ్లు కొట్టారు. గ్యాసు 30 మీటర్ల పైనుంచి చిమ్ముతోంది. నీళ్లు అంత ఎత్తుకి అందలేదు.

తెలియక జరిగిందా? 1981 డిసెంబర్‌లోనే ఆ ఫ్యాక్టరీలో ఫాస్జీన్ తగిలి అష్రఫ్ ఖాన్ అనే కార్మికుడు చనిపోయాడు. 1982 మేలో అమెరికా నుంచి కంపెనీ మనుషులే ముగ్గురు వచ్చి తనిఖీ చేశారు. చాలాచోట్ల స్థిరమైన నీటి స్ప్రే రక్షణ లేదని వాళ్లే రాశారు. అదే ఏడాది రాజ్‌కుమార్ కేశ్వానీ అనే జర్నలిస్టు తన చిన్న వారపత్రికలో ఈ ఊరికి ముప్పుందని మొత్తుకున్నాడు. చిన్న పత్రిక కదా, పెద్దవాళ్ల బల్లల మీదికి ఎక్కలేదు.

గోడకి అవతల జయప్రకాశ్ నగర్, కాజీ క్యాంప్, చోలా. రోజుకూలీలు, ముస్లింలు, మన దళితులు. ఆ గ్యాసు గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. గుడిసెలో కింద పడుకున్నవాళ్లని ముందు పట్టుకుంటుంది. పరిగెత్తితే ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు. ముఖానికి తడిగుడ్డ కప్పుకుంటే ఎంతోకొంత కాపాడుతుంది, ఎందుకంటే ఆ విషం నీళ్లతో కలిసి విరిగిపోతుంది. పైన ఫ్యాక్టరీ చేయలేకపోయిన పనిని కింద చెంబుడు నీళ్లు, పాత చీర ముక్క కొంతైనా చేసేవి. బస్తీలకి ఆ మాట ముందుగా ఎవరూ చెప్పలేదు. ఊరి కోసం పెట్టిన సైరన్ కూడా కాసేపు మోగించి ఆపేశారు. సర్కారు తర్వాత ఒప్పుకున్న చావులు 3,787. బస్తీల లెక్క దానికి ఎన్నో రెట్లు.

తర్వాత పరిశోధనలు ఊపందుకున్నాయి. అమెరికాలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ మీద 1986లో నెవాడా ఎడారిలో ప్రయోగాలు చేశారు, 1988లో నీళ్లు చిమ్మి మళ్లీ చూశారు. ఒక వంతు గ్యాసుకి 40 వంతుల నీళ్లు కొడితే దాదాపు 90 శాతం పట్టుబడుతుందని తేలింది. ఎడారిలో, మనుషులు లేనిచోట.

మన విశాఖ సంగతి మీకు తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైంది. 12 మంది చనిపోయారు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమని నగరపాలక సంస్థ ట్విట్టర్‌లో చెప్పింది. 36 ఏళ్లకి ఆ మాట బయటికొచ్చింది, అదీ జనం రోడ్ల మీద పడిపోయాక. పైగా స్టైరీన్ నీళ్లలో పెద్దగా కరగదు. సైరన్ మోగించే బటన్లు ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉన్నాయని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ఒక్కటీ నొక్కలేదు.

వచ్చే భాగంలో 1989 ఒప్పందం, ఆ 47 కోట్ల డాలర్ల సంగతి.