చదరంగపు పత్రికలు, వాటి సంపాదకులు

తెలుగువారి మాటలలో చదరంగపు పలుకులు చాలనే కలవు. వ్యాజ్యములో ఎదుటివాని పన్నాగమును మించిన పన్నాగము పన్నినవానిని ఎత్తుకు పైయెత్తు వేసినాడందుము. మితిమీరినవాని ఆగడము అణగినప్పుడు వాని ఆట కట్టినదందుము. ఆట యెరుగనివారి నోట సైతము ఈ మాటలు వినవచ్చుచుండుటచేత, మన యిండ్ల అరుగులమీదను, దేవాలయ మండపములలోను ఈ ఆట ఎన్ని తరములు సాగినదో ఊహింపవచ్చును. అయినను అట్లు ఆడిన ఆటలు మనకు దక్కలేదు. విజయవాడ వన్ టౌన్ పాతవీథులలో ఒకానొక సాయంకాలమున ఎవరు ఎవరిని ఏ యెత్తుతో ఓడించిరో ఆ అరుగులకే తెలియవలెను. ఆడినవారు కాగితము పట్టలేదు. చూచినవారు నాలుగు దినములు చెప్పుకొని మరచిరి.

చదరంగములో ఆడిన ఆటకును, మిగిలిన ఆటకును నడుమ నిలిచినవాడు వ్రాసిపెట్టిన మనుష్యుడు. ఆ వ్రాతను సరిచూచి, అచ్చువేసి, నలుగురికి పంపినవాడు పత్రికా సంపాదకుడు. అట్టి పత్రికలను గూర్చియు, సంపాదకులను గూర్చియు కొంత చెప్పుట ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

చదరంగము మన దేశమున పుట్టినదనుటలో పండితులకు పెద్దగా భేదాభిప్రాయము లేదు. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరిత్రలో చతురంగమును పేర్కొన్నాడు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున రాజులకు తగిన వినోదములలో చతురంగమును వర్ణించినాడు. ఆట యెట్లు ఆడవలెనో చెప్పిన గ్రంథములు ఈ విధముగా మనకు కలవు గాని, ఫలానా దినమున ఫలానావారు ఆడిన ఆట ఇది యని చూపు గ్రంథములు లేవు. శాస్త్రము వ్రాసిన జాతి చరిత్ర వ్రాయలేదు.

పందొమ్మిదవ శతాబ్దము మొదట ఈ లోటు తీరు సూచన దక్షిణదేశముననే కనిపించినది. 1814లో బొంబాయిలో ఒక ఆంగ్లగ్రంథము అచ్చైనది. దాని కర్త తిరువేంగడాచార్య శాస్త్రి. పాశ్చాత్యుల పద్ధతి ననుసరించి చదరంగమును వివరించు ఆ పుస్తకమునకు మూలము ఆయన సంస్కృతమున రచించిన విలాసమణిమంజరి. అటుపిమ్మట 1829లో మదరాసున మరియొక పుస్తకము వెలువడెను. దానిని కూర్చినవారు ఇద్దరు: మదరాసు వాస్తవ్యుడు గులాం కాసిం, మదరాసు సివిలు సర్వీసు ఉద్యోగి జేమ్సు కోక్రేను. మదరాసు, హైదరాబాదు నగరముల నడుమ ఉత్తరముల ద్వారా నడచిన రెండు ఆటలు అందు అచ్చైనవి. మదరాసు పక్షమున ఆ ఆటలను ప్రధానముగా నడపినవాడు గులాం కాసిమే. నేటికిని ఒక ఆరంభపద్ధతి ప్రపంచమంతట ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఆ దినములలో రైలు లేదు, తంతి లేదు. ఒక నగరమువారు ఒక ఎత్తు నిశ్చయించి, చీటి వ్రాసి, టపాలో పంపవలెను. అది చేరి, ప్రత్యుత్తరము వచ్చువరకు వేచియుండవలెను. మదరాసు కృష్ణకు దక్షిణమున నున్నది, హైదరాబాదు ఉత్తరమున నున్నది. కనుక ఆ రెండు ఆటలలోని ప్రతి యెత్తును, ప్రతి పైయెత్తును కృష్ణానదిని దాటిపోయినదే! చీటిపై వ్రాయక తప్పలేదు గనుక ఆ ఆటలు మిగిలినవి. ఎదురెదురుగా కూర్చుండి ఆడియుండినచో అవియు గాలిలో కలిసియుండెడివి.

సరిగా ఆ కాలముననే యూరపు ఖండమున చదరంగపు పత్రిక పుట్టినది. 1834లో లండను నగరమున ఫ్రాన్సు దేశపు లా బూర్దొనేకును, ఐర్లండువాడైన మక్‌డానెల్‌కును 85 ఆటలు జరిగినవి. విలియం గ్రీన్‌వుడ్ వాకర్ అను ఒక వృద్ధుడు ఆ బల్లప్రక్కన కూర్చుండి ఎత్తులను వ్రాసికొనెను. మరుసటి సంవత్సరము మక్‌డానెల్, 1840లో లా బూర్దొనే మరణించిరి. ఆ వృద్ధుడు కలము పట్టకున్న వారి ప్రతిభకు సాక్ష్యమే లేకపోయెడిది. 1836లో లా బూర్దొనే స్వయముగా మేరీ అను రచయితతో కలిసి పారిసున ల పాలమేద్ అను పత్రికను స్థాపించెను. కేవలము చదరంగమునకై వెలసిన పత్రికలలో మొదటిది అదియే. ఆయన తరువాత 1842లో సేంతమాఁ దానిని పునరుద్ధరించెను. ఇటు లండనున 1841లో హోవర్డు స్టాంటన్ చెస్ ప్లేయర్స్ క్రానికిల్ అను పత్రికను ఆరంభించెను.

1843లో ఈ ఇరువురు సంపాదకులు పారిసు నగరమున ఒకరి కెదురుగ ఒకరు బల్లకడ కూర్చుండిరి. స్టాంటన్ 11 ఆటలు గెలిచి, 6 ఓడి, 4 సమముచేసి విజయము నొందెను. పత్రికలలో ఒకరి నొకరు ఖండించుకొను సంపాదకులను మన మెరుగుదుము గాని, వాదమును ఇట్లు తేల్చుకొనినవారు అరుదు.

పత్రికలన్నియు మహానగరములలోనే పుట్టలేదు. ఇంగ్లండున హడర్స్‌ఫీల్డు అను నేతపరిశ్రమ పట్టణము కలదు. అచ్చటి కళాశాల పత్రికలో 1872 మొదలుకొని చదరంగమునకు కొన్ని పుటలు కేటాయించిరి. జాన్ వాట్కిన్‌సన్ అను ఆయన వాటిని నిర్వహించెను. ఆ పుటలే పెరిగి పెద్దవై, 1881లో ఆయన సంపాదకత్వముననే బ్రిటిషు చెస్ మాగజీన్‌గా రూపొందినవి. ఒక చిన్నయూరి కళాశాల పుటలు ఒక దేశపు పత్రికకు విత్తనములైనవి. విత్తనము చల్లుటకు రాజధానియే కావలెనన్న నియమము లేదు.

ఈ పత్రికలవలన మన దేశమునకు కలిగిన మేలు ఒకటి చెప్పవలెను. లండను న్యాయవాది జాన్ కోక్రేను కలకత్తాలో నివసించు కాలమున మహేశచంద్ర బందోపాధ్యాయుడను బెంగాలీ బ్రాహ్మణునితో అనేకములైన ఆటలు ఆడెను. ఆ సంగతియు, కొన్ని ఆటలును విలాయతు పత్రికలకు చేరినవి. మహేశచంద్రుడు తన బంటును రెండు గడులు ముందునకు త్రోయక, గుర్రమును ముందు కదపి, శకటమును ప్రక్కగడిలో దాచి ఆడెడివాడు. దేశీయ పద్ధతిలో బంటు ఒక్క గడియే కదలును గనుక ఆయనకది సహజమైన తీరు. ఆనాడు వింతగా తోచిన ఆ తీరునకు పిమ్మట ఇండియన్ డిఫెన్స్ అను పేరు స్థిరపడినది. 1855లో ఆయన ఆడిన ఒక ఆరంభమును 1922లో ఆస్ట్రియా దేశస్థుడు గ్రున్‌ఫెల్డు ఆడగా, అది గ్రున్‌ఫెల్డు పేరనే ప్రసిద్ధికెక్కెను. ఆటలు అచ్చులో మిగిలియుండుటచేతనే, ముందు ఆడినవాడు మహేశచంద్రుడని నేడు చెప్పగలుగుచున్నాము.

అచ్చులేనిచోట నష్టము మరియొక విధముగను కలిగినది. మనవారి ఆట తీరు వేరు. బంటు మొదటి కదలికలోను ఒక్క గడియే నడచును. రాజు కోటలోనికి పోవుటకు మారుగా ఒక్కమారు గుర్రపు దుముకు దుముకును. బంటు చివరి వరుస చేరినపుడు ఏ వరుసలో చేరినదో ఆ వరుస బలమే యగును. ప్రాంతమునకొక మర్యాద ఉండుటచేత ఒకయూరి మేటి మరియొకయూరిలో తడబడెడివాడు. ఇక విదేశమున సంగతి చెప్పనేల? పంజాబునుండి ఇంగ్లండు వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్ పాశ్చాత్య నియమములను ఆలస్యముగా నేర్చి, ఆరంభముల పుస్తకజ్ఞానము లేకయే 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత యయ్యెను. ఆయన మరణించిన ఎన్నో యేండ్లకు, 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండ్ మాస్టరు బిరుద మిచ్చినది. అంతటి ప్రతిభకు చిన్ననాడే ఒక పత్రిక తోడైయుండినచో ఏమయ్యెడిదో!

ఆ తోడ్పాటును దక్షిణదేశమున కల్పింప బూనినవారిలో మాన్యుయెల్ ఏరన్ ముఖ్యులు. 1935లో బర్మాలో జన్మించి, తమిళనాట పెరిగిన ఆయన 1961లో భారతదేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టరు అయిరి. తొమ్మిది పర్యాయములు జాతీయ విజేతగా నిలిచిరి. 1960 లైప్జిగ్ ఒలింపియాడున పూర్వపు ప్రపంచ విజేత మాక్స్ యూవేను ఓడించిరి. 1962లో స్టాక్‌హోమున జరిగిన పోటీలో చివరి స్థానము దక్కినను, పోర్టిష్, ఉల్మన్ అను దిట్టలను గెలిచిరి. గెలుపులకంటె ఆ చివరిస్థానమే ఆయనకు ఎక్కువ నేర్పియుండును. ప్రతిభ యొక్కటి చాలదు, లోకమున ఏమి ఆడుచున్నారో ఎప్పటికప్పుడు తెలియవలెను. 1972లో మదరాసు సోవియట్ సాంస్కృతిక కేంద్రమున తాల్ చదరంగ సంఘము వెలసినది. విశ్వనాథన్ ఆనంద్ బాల్యమున ఆడినది అచ్చటనే. 1983 మొదలుకొని ఏరన్ సంపాదకత్వమున చెస్ మేట్ అను ఆంగ్ల మాసపత్రిక మదరాసునుండి వెలువడినది. 2014లో ఆయన విజయ్ పండిట్‌తో కలిసి భారత చదరంగ చరిత్రను గ్రంథముగా ప్రకటించిరి.

చదరంగపు సంపాదకుని పని బయటివారి కంత తేలికగా తెలియదు. 64 గడులకు 64 పేర్లు. నిలువు వరుసల కక్షరములు, అడ్డు వరుసల కంకెలు. ఈ సంకేతముల పుణ్యమున 40 ఎత్తుల ఆట ఒక కార్డుమీద ఇమిడిపోవును. కథలో ఒక అక్షరము తప్పుపడిన పాఠకుడు సరిచేసికొని చదువుకొనును. ఆటలో ఒక్క అంకె తప్పుపడినచో గుర్రము పోరాని గడికి పోవును, అటుపై ఆట యంతయు వ్యర్థము. అందుచేత సంపాదకుడు అచ్చుచిత్తును కన్నులతో చూచిన చాలదు. బల్లమీద పావులు పరచి ప్రతి యెత్తును జరిపి చూడవలెను. ఇక ఏ యెత్తు మేలైనది, ఏది పొరపాటు, అచట ఏమి ఆడియుండవలసినది అని టిప్పణి వ్రాయుట వేరొక శ్రమ. గెలిచినవాడు తన స్నేహితుడైనను, అతడు వేసిన చెడ్డయెత్తును చెడ్డదనియే వ్రాయవలెను.

కృష్ణాతీరమునకు సంపాదకుల విలువ క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1902లో మచిలీపట్టణమున పుట్టిన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలుకొని 1945 వరకు నడపి, ఒక పత్రిక ప్రజల మనస్సును ఎట్లు తీర్చిదిద్దగలదో చూపిరి. విజయవాడలో 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి వెలసినవి.

ఆటగాండ్రకును ఈ సీమ గొడ్డుపోలేదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి తండ్రి అశోక్‌గారి శిక్షణలో పెరిగి, 2002లో తన పదునైదవ యేట గ్రాండ్ మాస్టరు అయినది. అంత చిన్నవయస్సున ఆ బిరుదమును పొందిన స్త్రీ అంతకుముందు లేదు. 2019లోను, 2024లోను ర్యాపిడ్ ప్రపంచ విజేతగా నిలిచినది. గుంటూరువారైన హరికృష్ణ 2001లో, ద్రోణవల్లి హారిక 2011లో, విజయవాడ యువకుడు లలిత్‌బాబు 2012లో గ్రాండ్ మాస్టరులైరి. వీరి ఆటలు లోకములో ఏ మూలనున్నవారికైనను క్షణములో అందుచున్నవి. మహేశచంద్రునికి పట్టిన మరపు వీరికి పట్టదు.

అయితే మేటిపోటీల ఆటలను యంత్రము వ్రాసికొనును గాని, వీథి ఆటను వ్రాయునది మనుష్యుడే. ఒక బడిలో పదేండ్ల పిల్లవాడు మంత్రిని బలిచేసి గెలిచిన ఆటను ఏ గణకయంత్రమును వెదకికొని రాదు. యంత్రము మేలైన యెత్తును చూపును. ఆ పిల్లవాడు మరియొక యెత్తు వేయుటకు కారణమేమో అది అడుగదు. అడిగి, విని, తెలుగులో రాజు, మంత్రి, ఏనుగు, శకటము, గుర్రము, బంటు అను మన పేర్లతోనే వ్రాసినచో, ఆంగ్లము రాని తల్లియు తన బిడ్డ ఆటను చదివి ఆనందింపగలదు. మంచి ఆటగాండ్రు ఇంగ్లీషు పుటలలోనే నేర్చుకొనుటవలన నష్టము వారికి కాదు. చూచి సంతోషింపవలసిన ఇంటివారికి.

దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. హడర్స్‌ఫీల్డు కళాశాలవారు కొన్ని పుటలతో మొదలిడిరి. మన బడులలోను, గ్రంథాలయములలోను ఒక పుస్తకము తెరచి, ఆటగాని పేరు, తేదీ, ఎత్తులు, రెండు వాక్యముల టిప్పణి వ్రాయించినచో ఆరంభము జరిగినట్లే. దానిని సరిచూచుటకు ఓపికగల ఒక పెద్ద కావలెను. 1834లో లండనున కలము పట్టిన వాకర్ వంటివారు అట్టివారే. మన యిండ్లలో అట్టివారికి కొదువ లేదు. సాయంకాలము పిల్లలు బల్ల పరచినపుడు, ప్రక్కన కూర్చుండిన తాతగారి చేతికి ఒక కాగితము, ఒక పెన్సిలు అందించిన చాలును.