డేగకీ పావురానికీ మధ్య ఒక వల

కొత్తగూడ, కొండాపూర్ వైపు ఏ కరెంటు స్తంభం చూసినా ఒక ప్రకటన కనిపిస్తుంది. పావురాల వలలు బిగిస్తాం, చదరపు అడుక్కి ఇంత, ఫోన్ చేస్తే వెంటనే వస్తాం. పదిహేనో అంతస్తు బాల్కనీకి కూడా తాడు కట్టుకుని దిగి వల బిగించి పోతారు. ఏసీ డబ్బా వెనకాల రెట్టలు, తెల్లారకముందే గుర్రుగుర్రుమనే మోత, పిల్లలకి దగ్గు వస్తుందేమోనన్న భయం, ఇవన్నీ నిజమే కాబట్టి ఆ వ్యాపారానికి గిరాకీ తగ్గదు.

కానీ పావురాల వల అనే వస్తువు ఈ ఊరికి కొత్తేం కాదు. పాతబస్తీ డాబాల మీద పావురాలు పెంచేవాళ్ళ గూళ్ళకి ఎప్పట్నించో వల ఉంది. అక్కడ పావురం వలకి లోపల ఉంటుంది, డేగా పిల్లీ బయట ఉంటాయి. మన బాల్కనీలో మనం లోపల ఉన్నాం, పావురం బయట ఉంది. ఎవర్ని ఎవర్నించి కాపాడుతున్నామన్నది ఎప్పుడు, ఎలా తిరగబడింది? అది కాస్త పాత కథ. మొదట్నించీ చెప్పుకోవాలి.

తెలంగాణలో పావురం అంటే పక్షి ఒక్కటే కాదు, ప్రేమ కూడా. బిడ్డని పావురంగా చూసుకున్నరు అంటే గారాబంగా, ఆప్యాయంగా అని. అటువైపు పారసీలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. అక్బరు పావురాలాటకి ఇష్క్‌బాజీ అని పేరు పెట్టుకున్నాడని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. ప్రేమాట అన్నమాట. ఆస్థానంలో 20,000కి పైగా పావురాలుండేవట. వాటిలో 500 ప్రత్యేకమైనవి. ఆ ప్రత్యేకమైన పావురం ఒక్కోటీ ఎన్ని చక్కర్లు కొట్టాలి, గాల్లో ఎన్ని పల్టీలు వెయ్యాలి అన్నదానికి కూడా ఆ పుస్తకంలో లెక్కలున్నాయి.

అక్బరు ముత్తాత ఉమర్ షేక్ మీర్జా కథ ఇంకా చిత్రమైంది. 1494లో ఫర్గానాలోని అక్సీ కోటలో, లోయ అంచున కట్టిన పావురాల గూడు కూలితే దాంతోపాటే పడి చచ్చిపోయాడు. ఆ సంగతి రాస్తూ కొడుకు బాబరు, నాన్న తన పావురాలతో కలిసి ఎగిరి డేగైపోయాడు అన్న అర్థంలో రాసుకున్నాడు. పావురాల కోసం ప్రాణం పోగొట్టుకున్నవాడు చివరికి పావురం కాలేదు, పావురాల్ని తినే పక్షి అయ్యాడు. రాజుల ఊహలో గౌరవమంతా డేగదే.

దక్కనులోనూ అంతే. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన ‘మానసోల్లాసం’లో రాజు పొద్దుపుచ్చే వినోదాల జాబితా ఉంది. కోడిపందేలు, పొట్టేళ్ళ పందేలు, సంగీతం, కథలు, ఇలా చాలా. అందులో పారావత వినోదమూ ఉంది, శ్యేన వినోదమూ ఉంది. అంటే పావురాలాట ఒక అధ్యాయం, డేగవేట ఇంకో అధ్యాయం. (ఆ కళ్యాణి ఇప్పుడు కర్ణాటకలోని బసవకల్యాణ్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే.) విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరుకి అర్థం కూడా వేటడేగే. కోడిపందేల బరిలో పుంజుకి డేగ అని పేరు పెట్టుకునేవాళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నారు. పుంజుకి పావురం అని ఎవరూ పెట్టరు.

రాజుకి రెండూ కావాలి. పది పావురాలు పోతే ఇంకో పది వస్తాయి. పావురాన్ని డేగ నుంచి కాపాడుకోవడం అనే పని నిజంగా మొదలయ్యేది రాజు దగ్గర కాదు, పది పన్నెండు పావురాలే ఆస్తిగా ఉన్న మనిషి డాబా మీద.

హైదరాబాద్‌లో హుస్సేనీ ఆలం దగ్గర ఒక పేటకి కబూతర్‌ఖానా అనే పేరు. ఆ చుట్టుపక్కల డాబాల మీద పావురాలెగరేసేవాళ్ళు ఏ పక్షిశాస్త్రమూ చదవకుండానే కొన్ని పద్ధతులు పాటిస్తారు. గుంపుగా తప్ప వదలరు. రోజూ ఒకే వేళకి వదిలి, ఈల వేసి, గింజలు చల్లి ఒకే చోటికి దింపుతారు. పొద్దుగూకేలోపు గూళ్ళు మూసేస్తారు. పిల్లలున్న జంటల్ని వల లోపలే ఉంచుతారు. ఆకాశంలో పావురాలు ఉన్నట్టుండి ఒకదానికొకటి అంటుకుపోయినట్టు ముద్దగా అయితే, పైన ఎక్కడో డేగ ఉందని అర్థం. వెంటనే కిందకి పిలుస్తారు.

ఇదంతా ఉత్త చాదస్తం కాదని తర్వాత లెక్కలు తేల్చాయి. 1978లో కెన్‌వర్డ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, అడవి పావురాల మీదకి గాస్‌హాక్ డేగని వదిలి ఫలితాలు రాసిపెట్టుకున్నాడు. ఒంటరి పావురం మీదకి వదిలితే ఐదుసార్లలో దాదాపు నాలుగుసార్లు డేగదే గెలుపు. 50 దాటిన గుంపు మీదకి వదిలితే పదిసార్లకి ఒక్కసారి కూడా దొరకలేదు. కారణం సులువు. గుంపులో ఎన్ని కళ్ళుంటే అంత దూరం నుంచే డేగ కనపడిపోతుంది.

రంగు సంగతి కూడా ఉంది. ‘జాతుల ఉత్పత్తి’లో డార్విన్ ఒక మాటంటాడు, యూరప్‌లో కొన్నిచోట్ల తెల్ల పావురాలు పెంచొద్దని జనం చెప్పుకుంటారని. డేగ కంట ముందు పడేవి అవేనట. డార్విన్‌కి ఈ పావురాల పిచ్చి ఊరికే పట్టలేదు. 1850ల్లో లండన్ పావురాల క్లబ్బుల్లో చేరి, ఇంట్లో రకరకాల పావురాలు పెంచాడు. అక్బరు 20,000 పావురాల సంగతి కూడా ఆ పుస్తకంలోనే ప్రస్తావించాడు. ఇండియా నుంచి తనకి పావురాల చర్మాలు పంపినందుకు అందులో డార్విన్ గుర్తుచేసుకున్న మనిషి వాల్టర్ ఎలియట్. గుంటూరు సీమలో ఉద్యోగం చేసి, 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన ఎలియటే ఈయన. పరిణామ సిద్ధాంతం వెనక మన వైపు పావురాలు కూడా కొన్ని ఉన్నాయన్నమాట.

డేగల్నే చంపేస్తే పోలా? ఆ దారి కూడా ఒక దేశం తొక్కి చూసింది. 1940లో, యుద్ధంలో వార్తలు మోసే పావురాల్ని తినేస్తున్నాయని బ్రిటన్ ప్రభుత్వం బైరి డేగల్ని (పెరిగ్రిన్ ఫాల్కన్లని) చంపమని ఉత్తర్వు తీసింది. దాదాపు 600 డేగల్ని చంపారు. యుద్ధం అయ్యాక రక్షణ మళ్ళీ వచ్చింది. 1960 నాటికి పావురాల పందేలవాళ్ళు మళ్ళీ మొరపెట్టుకున్నారు, డేగలు విపరీతంగా పెరిగి మా పక్షుల్ని బతకనివ్వట్లేదని. సరే లెక్కేద్దామని డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయనకి పని అప్పజెప్పారు. తీరా చూస్తే డేగలు పెరగడం కాదు కదా, కుప్పకూలిపోతున్నాయి. డీడీటీ లాంటి పురుగుమందులు పావురాల ద్వారా డేగల ఒంట్లోకి చేరి, గుడ్డు పెంకులు పల్చబడి, తల్లి కింద కూర్చుంటేనే పగిలిపోతున్నాయి. పావురాల కోసం పెట్టిన ఫిర్యాదు వల్ల డేగల చావు బయటపడింది. మన పొలాల మీద ఏం చల్లుతున్నామో తెలియాలంటే పావురాన్ని తినేవాడి గుడ్డు చూడాల్సి వచ్చింది.

ఈ తగవు మన దగ్గర ఎప్పుడో ఒకసారి విచారణకొచ్చింది. శిబి చక్రవర్తి కథ అందరికీ తెలిసిందే. డేగ తరుముతుంటే పావురం వచ్చి రాజు ఒళ్ళో పడుతుంది. ఈ కథని చిన్నప్పుడు త్యాగం గురించి చెబుతారు కాబట్టి, అందులో డేగ వాదన మనకి సరిగా వినపడదు. దాని ప్రశ్న ఏంటంటే, నువ్వు దాన్ని బతికిస్తే నేనూ నా పిల్లలూ ఆకలికి చస్తాం, మా ప్రాణం లెక్కలోకి రాదా? రాజు దాన్ని తప్పంటాడా? అనడు. డేగని కొట్టించడు, తరిమించడు. పావురాన్ని కాపాడాలనుకున్నది నేను కాబట్టి ఖర్చు నాదే అని త్రాసు తెప్పిస్తాడు. తొడ కోసి వేసిన మాంసం ఎంతకీ తూగదు, చివరికి తనే త్రాసులో కూర్చుంటాడు.

ఈ త్రాసు బొమ్మ అజంతా ఒకటో గుహ గోడ మీద ఉంది. నిజాం కాలంలో అజంతా హైదరాబాద్ రాజ్యంలోది. 1914లో పెట్టిన పురావస్తు శాఖకి అధిపతిగా గులాం యజ్దానీ ఆ గుహల బాధ్యత చూశాడు. రాలిపోతున్న బొమ్మల్ని నిలబెట్టడానికి ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించారు. డేగా పావురం తగవుని పదిహేను వందల ఏళ్ళ తర్వాత కూడా గోడ మీద నిలబెట్టింది ఈ ఊరి డబ్బే.

ఇక కొత్తగూడ సంగతి. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్ళ గుట్టలు, చెరువులు, పొలాలు. ఆ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. వాటిని పేల్చి, అదే చోట గాజుతో, కాంక్రీటుతో ఇంకా ఎత్తైన గుట్టలు లేపాం. పావురం పుట్టుకతో కొండచరియల పక్షి. దానికి కిటికీ అంచుకీ రాతి అంచుకీ తేడా తెలీదు. బైరి డేగ కూడా కొండచరియల పక్షే. లండన్, న్యూయార్క్ మేడల మీద అది ఇప్పుడు గూళ్ళు పెడుతోంది. మనం మేడ కడుతున్నామనుకుని ఇద్దరికీ కొండ కట్టిపెట్టాం. పైగా గింజలు చల్లుతున్నాం. డేగలు కావాల్సినన్ని లేవు. 2023లో వచ్చిన ‘భారతదేశ పక్షుల స్థితి’ నివేదికలో పావురాలు పెరుగుతున్న పక్షుల్లో ఉన్నాయి, వేటపక్షుల్లో చాలావరకు తగ్గుతున్నవాటిలో ఉన్నాయి.

అంటే కబూతర్‌ఖానా మనిషి ఏ పక్షి నుంచి తన పావురాల్ని కాపాడుకున్నాడో, బాల్కనీ మనిషికి ఆ పక్షే అవసరం. ఒకే ఊరు, ఒకే ఆకాశం, రెండు ఎదురెదురు కోరికలు. వీటి మధ్య డేగ కూడా బతకాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇప్పుడు డేగలకి గట్టి రక్షణే ఇస్తోంది. డాబా మీదకొచ్చిన షిక్రాని రాయి పెట్టి కొట్టినా, బోను పెట్టి పట్టినా నేరమే. కాబట్టి కొత్తగూడ బస్తీలో ఎవరైనా ఇంటి వెనక పది పావురాలు పెంచుకుంటుంటే వాళ్ళకి మిగిలింది పాతబస్తీ పద్ధతే. గూటికి పైనా పక్కలా గట్టి జాలీ, రెక్కలు చిక్కుకోనంత సన్నటి కన్నులతో. పొద్దుగూకకముందే తలుపు. ఒంటరిగా, కొత్తగా వచ్చినదాన్ని వదలకపోవడం. డేగ ఒకసారి వచ్చి వెళ్తే కొన్నాళ్ళు ఎగరెయ్యడం మానుకోవడం. ఇవన్నీ చేసినా ఏడాదికి ఒకటో రెండో పోవచ్చు. అది శిబి తూకంలో మన వంతు.

బాల్కనీవాళ్ళకీ ఒక వంతు ఉంది. వదులుగా వేలాడే నైలాన్ వలలో పావురాలే కాదు, పిచ్చుకలూ డేగలూ కూడా రెక్కలు చిక్కుకుని చచ్చిపోతాయి. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో చిత్రగ్రీవుడి పావురాలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. పన్నెండో అంతస్తులో ఒంటరిగా చిక్కుకున్న పక్షికి ఆ వీలు లేదు, కొరికి విడిపించే హిరణ్యకుడూ లేడు. వల బిగుతుగా ఉందా, చిరుగులున్నాయా, అందులో ఏదైనా కొట్టుకుంటోందా అని వారానికోసారి చూసే పని వల కట్టించుకున్నవాళ్ళదే. గింజలు చల్లడం మానడం కూడా వాళ్ళ చేతిలో పనే.