మూసీ గట్టున పరదేశపు శిల్పి



స్పెయిన్ దేశమున, బార్సిలోనా నగరమునందు ఆంటోని గౌడీ యను శిల్పి యొక క్రైస్తవ దేవాలయ నిర్మాణమును 1883లో చేపట్టి, 1926లో మరణించునాటికిని ముగింపలేకపోయెను. వృక్షములను జూచి స్తంభములను, పగిలిన పెంకు ముక్కలతో నలంకారములను గూర్చిన ఘనుడు. అయినను ఆయన పుట్టినగడ్డ మీదనే కట్టెను. ఆ కాలముననే మన హైదరాబాదునకు వచ్చిన ఆంగ్ల శిల్పి విన్సెంట్ ఎష్‌కు ఆ సౌకర్యము లేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, పదునైదువేల మందిని బలిగొనెనని చెప్పుదురు. చెడిన నగరమును సరిదిద్దుటకు 1912లో నొక సంఘమేర్పడెను. 1914లో ఎష్ ఏడవ నిజాము కొలువునకు వచ్చెను. కలకత్తాలో విక్టోరియా స్మారక మందిరపు పనిని పర్యవేక్షించిన యనుభవ మాయనకు గలదు. కాచిగూడ రైలు స్టేషను, సిటీ కళాశాల కూడ ఆయన రచనలే.

నేను బడిపంతులుగా నున్నప్పుడు పిల్లలను నయాపూల్ వంతెనపై నిలిపి, పడమటివైపు చూపుచుంటిని. ఎడమచేత, పాతనగరపు గట్టున, హైకోర్టు; కుడిచేత ఉస్మానియా ఆసుపత్రి. "అయ్యా, ఈ గుమ్మటములు దొరల దేశపువా?" యని యొక బాలుడడిగెను. కావనియు, చార్మినారును, గోలకొండ గోరీలను, ఢిల్లీ ఆగ్రాల కట్టడములను జూచి దొర నేర్చుకొన్నవనియు జెప్పితిని. ఎండకు చూరులు, గాలికి జాలీలు, కొసలకు మినారులు: ఇవన్నియు మనవారెరిగినవే. వానిని నేటి యవసరములకు, రోగుల వార్డులకు, న్యాయవిచారణ గదులకు నొప్పించుట యాయన నేర్పు.

అయితే కీర్తినంతయు నొక్కనికే కట్టబెట్టుట నాకు సమ్మతము గాదు. 1915లో మొదలై 1919లో ముగిసిన హైకోర్టునకు జైపూరు శంకరలాల్ నమూనా గీసెననియు, మెహర్ అలీ ఫజల్ యను స్థానిక ఇంజనీరు కట్టించెననియు గూడ చెప్పుదురు. రాయి చెక్కిన చేతులు, గానుగ సున్నము పూసిన చేతులు లెక్కకు మిక్కిలి. మన యూళ్ల పాత లోగిళ్లను నిలిపిన సున్నమే యది.

ఆసుపత్రి 1925లో పూర్తియైనది. 2020 జూలైలో వాననీరు లోనికి చొచ్చుటచే పాత కట్టడమును ఖాళీ చేయించిరి. కూల్చి క్రొత్తది కట్టవలెనని కొందరు, నిలుపవలెనని కొందరు వ్యాజ్యమునకు దిగిరి. ఆ వాదములు ఎదుటి గట్టునున్న హైకోర్టు గుమ్మటముల క్రిందనే జరిగినవి.