గోడలకు కొట్టిన డీడీటీ, మగబిడ్డ హార్మోన్లు

చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు కోయ, కొండరెడ్డి పల్లెలకు చలిజ్వరం పాత పగ. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక దేశమంతటా ఇళ్ల లోపలి గోడలకు దోమల మందు డీడీటీ కొట్టారు. అంతకుముందు ఏటా ఏడున్నర కోట్ల కేసులు, ఎనిమిది లక్షల మరణాలని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఈ లెక్క మరిచి డీడీటీని తిట్టడం అన్యాయం.

సందేహం మరో చోట ఉంది. ఒంట్లో డీడీటీ మారి డీడీఈ అవుతుంది. కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచి, మాయ దాటి పిండాన్ని చేరుతుంది. 1995లో కెల్స్ బృందం 'నేచర్'లో ప్రచురించిన ప్రయోగాల్లో డీడీఈ మగ హార్మోన్లైన ఆండ్రోజన్ల గ్రాహకాన్ని అడ్డుకుంది, ఎలుకల్లో ఆ హార్మోన్ల పనిని కుంటుపరిచింది.

ఆండ్రోజన్లు మగవారి సొత్తేమీ కాదు. స్త్రీలలోనూ అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు వీటిని కొద్దిగా తయారుచేస్తాయి. కండ, ఎముక, ఎర్రకణాలకు ఇవి కావాలి. అయితే మగపిండానికి సుమారు 8 నుంచి 14 వారాల మధ్యకాలం కీలకం. జననాంగాలు రూపు దిద్దుకునేది అప్పుడే.

మరి మనుషుల్లో? దక్షిణాఫ్రికాలోని లింపోపోలో 3,310 మంది మగశిశువులను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. డీడీటీ కొట్టిన ఊళ్ల తల్లుల బిడ్డల్లో మూత్ర, జననాంగ లోపాల అవకాశం 33 శాతం ఎక్కువ. కానీ అక్కడ చూసింది తల్లి ఏ ఊళ్లో ఉందన్నదే, ఆమె రక్తంలో డీడీఈ ఎంతన్నది కాదు. మెక్సికోలోని చియాపాస్‌లో తల్లుల రక్తాన్నే కొలిచారు. శిశువుల జననాంగ కొలతలతో సంబంధం కనిపించలేదని 2007లో తేల్చారు. కొలిచిన తీరును బట్టి నాకు రెండోదే గట్టిగా తోస్తుంది. అయినా అది చూసింది కొలతలను, లింపోపో చూసింది లోపాలను. ఒకదానితో మరొకటి కొట్టేయలేం.

మన ఏజెన్సీ పల్లెల్లో ఇంకో చిక్కు. గర్భిణికి మలేరియా వస్తే బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకముందే పుట్టొచ్చు. అలాంటి శిశువుల్లో వృషణం తిత్తిలోకి దిగకపోవడమనే లోపం మామూలుగానే ఎక్కువ. అంటే జ్వరాన్ని ఆపే మందు ఒకవైపు ఈ లోపాన్ని తగ్గిస్తూ, మరోవైపు పెంచుతూ ఉండొచ్చు. తల్లి మలేరియా, కాన్పు వారం, బిడ్డ బరువు, రక్తంలో డీడీఈ కలిపి చూడని అధ్యయనం ఇక్కడ దారి తప్పిస్తుంది.

ఇదంతా ఇళ్ల గోడలకు కొట్టిన డీడీటీ సంగతి; ఖమ్మం పత్తి, మిర్చి చేలలో కొట్టే మందుల లెక్క వేరు. సేద్యంలో డీడీటీని 1989లోనే నిషేధించారు.

కారణం తేలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. పుట్టిన ప్రతి మగబిడ్డనూ వృషణాలు దిగాయా అని తడిమి చూడాలి. ఆరు నెలలకూ వృషణం దిగకపోతే సర్జన్ దగ్గరికి పంపాలి. ఆపరేషన్ ఏడాది, ఏడాదిన్నర లోపు అయిపోవాలి.