గోదావరి తీరాన ఆంగ్ల నవల

1766లో రెండు సంఘటనలు జరిగాయి. ఇంగ్లండులో ఆలివర్ గోల్డ్‌స్మిత్ వ్రాసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవల వెలువడింది. అదే సంవత్సరం నిజాం అలీఖాన్ సంధి చేసుకొని ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. నేటి రావులపాలెం ఉన్న గౌతమీ తీరం ఆ సర్కారులలోనిదే. ఆనాడు ఈ రెండింటికీ సంబంధం లేదు. ఆ సంబంధాన్ని తరువాతి శతాబ్దం కల్పించింది.

ఫార్సీ దస్తరాల భాషగా ఉన్నంతకాలం ఆ విద్య నేర్చినవారికి కొలువులలో గౌరవముండేది. 1835లో మెకాలే, తనకు సంస్కృతంగాని అరబ్బీగాని రాదని ఒప్పుకుంటూనే, ఆ సాహిత్యాలు యూరపు గ్రంథాలతో తులతూగవని తీర్పు చెప్పాడు. పాలకులకూ ప్రజలకూ నడుమ ఒక దుబాసీ వర్గాన్ని తయారుచేయడమే తన లక్ష్యమని దాచుకోలేదు. 1837లో కచేరీల నుండి ఫార్సీని తప్పించేందుకు చట్టం వచ్చింది. 1844లో ఇంగ్లీషు చదివినవారికే ఉద్యోగాలలో ప్రాధాన్యం లభించింది. ఆంగ్ల సాహిత్యం ఆ విధంగా హోదాకు మెట్టు అయింది. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా పొలాలకు నీరిచ్చింది గాని, కొత్త చదువు మాత్రం కొద్దిమందికే అందింది.

ఆ కొద్దిమందిలో రాజమహేంద్రవరానికి చెందిన కందుకూరి వీరేశలింగం ఒకరు. గోల్డ్‌స్మిత్ నవలను తెనిగించబూని, ఆ ఆచారాలు తెలుగువారికి రుచించవని మానుకొని, 1878లో 'రాజశేఖర చరిత్రము' అనే స్వతంత్ర కథను ప్రకటించసాగారు. ధవళేశ్వరంలోని సంపన్నుడు రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి సర్వం పోగొట్టుకుంటాడు. సిరి ఉన్ననాడు చుట్టూ చేరినవారు అది పోగానే ముఖం చాటేస్తారు.

గోల్డ్‌స్మిత్ కథలో భూస్వామి దౌర్జన్యాన్ని సరిదిద్దేది మారువేషంలోని ప్రభువే. తెలుగు కథలో ఆ పని పెద్దాపురం ప్రభువు చేస్తాడు. రెండింటా పేదవాని న్యాయం ప్రభువు మంచితనం మీదనే ఆధారపడింది. ప్రభువు మంచివాడు కాకపోతే గతి ఏమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. కంపెనీ పాలనలోని రైతుకు అదే అసలు ప్రశ్న.

అయినా వీరేశలింగం మెకాలే కోరిన దుబాసీగా మిగిలిపోలేదు. పరాయి గ్రంథాన్ని అద్దంగా పట్టి తన సమాజపు లోపాలనే చూపారు. 1887లో ఆ నవల ఆంగ్లంలోకి మారి లండనులో అచ్చయింది. అబ్బాసీల కాలంలో బాగ్దాదు విద్వాంసులు కూడా గ్రీకు విద్యను స్వీకరించారు. కాని దానిని అరబ్బీలోకి తెచ్చుకున్నారు, తూచి చూశారు, తప్పులు దిద్దారు. ఇతరుల విద్యను గ్రహించడంలో అవమానం లేదు. తన భాషనూ తన వివేచననూ వదులుకోవడంలోనే ఉంది.